ఐదు లక్క ముద్రలు

వానకి తడిసిన రేకుల కింద ఆ టీ బడ్డీ మబ్బుల్లో తేలే పడవలా కనిపించింది టైపు పిల్లకి. ఆమె కళ్లకి అన్నీ అలాగే కనిపిస్తాయి, ఏం చేస్తాం. రోడ్డుకి అవతల రిటైరైన ఉద్యోగుల సంఘం గదిలో పొద్దున్నించీ టైపు కొట్టి వేళ్లు నొప్పెడుతుంటే, నాలుగింటికి ఒక టీ తాగుదామని వచ్చిందా, బెంచీ మీద లక్క బాబాయి కూర్చుని ఉన్నాడు. ఒళ్లో గుడ్డసంచీ, చేతిలో గ్లాసు. కవర్లకి లక్క కరిగించి సీళ్లు వేసే గుమాస్తాగా ముప్పై నాలుగేళ్లు చేశాడు కాబట్టి ఆయనకా పేరు.

"బాబాయ్! ఇచ్చేశారా?" అంది, కూర్చోకుండానే.

కంగారు ఉండదూ మరి! చనిపోయిన ఉద్యోగుల భార్యలకి వైద్య కార్డు తీసేస్తామని శాసనసభలో బిల్లు పెట్టారు. వద్దనేవాళ్లు ఈ రోజు అయిదింటిలోగా కమిటీకి రాసివ్వాలి. టైపు పిల్ల అమ్మమ్మకి గుండె మాత్రలు వచ్చేది ఆ కార్డు మీదే. మూడు వేల సంతకాల కట్ట, పైన టైపు పిల్ల కొట్టిన అర్జీ, దాని రెండో ప్రతి. ఆ రెండో ప్రతి మీద 'అందినది' అని ముద్ర వేయించుకుని రావాలి. పొద్దున్న అవన్నీ మూట కట్టి, లక్క సీళ్లు వేసి, పట్టుకుని బయల్దేరింది ఈ బాబాయే.

"ఇచ్చేశారా అని అంత తేలిగ్గా అడుగుతావేమ్మా! కూర్చో," అన్నాడు లక్క బాబాయి. "ముందు గేటు దగ్గరికెళ్లాను. కాపలా అతను నన్ను చూశాడు. నేను అతన్ని చూశాను. పెద్ద విశేషం ఏం లేదు. సెల్యూట్ కొట్టాడు, అంతే."

"మీకా?" అంది టీ కాచే అక్క, పాలగిన్నె దించుతూ.

"నాకెందుకు కొడతాడు, మూటకి! నాలుగు మూలలా నాలుగు, నడిమధ్యన ఒకటి, అయిదు లక్క ముద్రలు. ఈ రోజుల్లో అలాంటి సీలు వేసేవాడు ఎవడున్నాడు? సరే, లోపలికెళ్తున్నానా, చేతిలో మూట వణకడం మొదలెట్టింది. ఎందుకు వణకదు? సంతకాలు పెట్టినవన్నీ ముసలి చేతులే కదా, ఆ వణుకు ఎక్కడికి పోతుంది!"

టైపు పిల్లకి అమ్మమ్మ సంతకం గుర్తొచ్చింది. పేరులో చివరి అక్షరం దగ్గర కలం ఆగి, కాగితం మీద చిన్న సిరా చుక్క పడింది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? తూకం వెయ్యాలన్నారు. వేశారు. ముల్లు గిరగిరా తిరిగి విరిగి, కిటికీలోంచి ఎగిరి, తోటలో మందారానికి గుచ్చుకుంది. నలుగురు బంట్రోతులొచ్చి ఎత్తబోతే లేవలేదు. పక్కకి జరగండర్రా అని నేనే ఇదిగో, ఈ చిటికెన వేలికి తగిలించుకుని నడిచాను."

"ఆ వేలికేగా అన్నయ్యగారూ, పోయిన వారం నేను కట్టు కట్టింది? టీ గ్లాసు పట్టుకోలేకపోతున్నా అన్నారు," అంది బెంచీ చివర కూర్చున్న నర్సమ్మ. ఆవిడా రిటైరైన మనిషే. ఎవరు మాట్లాడుతున్నా నాడి పట్టుకున్నట్టు వింటుంది.

"కట్టు మహిమే అనుకోండి! లోపల సభ జరుగుతోంది. సగంమంది నిద్ర. మూట బల్ల మీద పెట్టానో లేదో లోపల్నించి సన్నగా ఒక పాట. సంతకాలు! ఒక్కొక్కటీ కాగితం మీంచి లేచి, చీమల బారులా బల్ల దిగి, తివాచీ మీద నడుచుకుంటూ వెళ్లి, సభ్యుల చొక్కా చేతుల్లోకి పాకాయి. 'మేం మీకు ఉత్తరాలు పంచినవాళ్లం, మీ పిల్లలకి టీకాలు వేసినవాళ్లం, మీ వీధిలో దీపాలు వెలిగించినవాళ్లం' అని చెవుల్లో చెప్పాయి. నిద్రపోయేవాళ్లు లేచారు. లేచినవాళ్లు ఏడ్చారు. సభలో మోకాలిలోతు కన్నీళ్లు!"

"అయ్యో," అంది టైపు పిల్ల. ఆ అక్షరాల్లో అమ్మమ్మ సంతకం కూడా తన సిరా చుక్కని చంకనెత్తుకుని నడుస్తున్నట్టు కనిపించింది ఆమెకి.

"ఆ నీళ్లలో బిల్లు తనంతట తనే నాలుగు మడతలు పడి, కాగితప్పడవై, నాకు దణ్ణం పెట్టి, కిటికీలోంచి వెళ్లిపోయింది. సభాపతిగారు సింహాసనం దిగొచ్చి రెండో ప్రతి మీద ముద్ర వేశారు. బంగారు రంగు! మరి ఇందాకటి వాన ఏమనుకున్నారు? ఆ సభ కన్నీళ్లే, కాలవకి పట్టక..."

చూరు నుంచి చుక్కలు పడుతున్నాయి. టైపు పిల్ల కళ్లు మూసుకుని గట్టిగా ఊపిరి పీల్చింది. తడి మట్టి వాసన. మరిగే టీ వాసన. వాటి మధ్య ఇంకో వాసన. కొవ్వొత్తి మీద కాలిన లక్క, పొద్దున గదంతా నిండిన వాసన.

"బాబాయ్," అంది మెల్లిగా, "మూట సభలో ఉండిపోయిందిగా. మరి మీ సంచీలోంచి లక్క వాసన వస్తోందేం?"

లక్క బాబాయి సంచీని దగ్గరికి లాక్కోబోయాడు. నర్సమ్మ చెయ్యి చాచి సంచీ నోరు తెరిచింది. అయిదు ముద్రలూ ఎర్రగా, నున్నగా, ఒక్క పెచ్చూ ఊడకుండా ఉన్నాయి.

టైపు పిల్లకి ఆ కాగితప్పడవ మునిగినట్టే అనిపించింది. గోడ గడియారం నాలుగూ ఇరవై చూపిస్తోంది.

"సీలు వేసినవి తీసుకోం, విప్పి ఇవ్వండి అన్నాడమ్మా కౌంటర్లో అబ్బాయి," అన్నాడు ఆయన. ఆ గొంతు ఇందాకటిది కాదు. "పైగా అలవాటు కొద్దీ రెండో ప్రతి కూడా లోపలే పెట్టి సీలేశాను. కత్తెర వాడే ఇచ్చాడు. పట్టుకుని నిలబడ్డాను. మా ఆఫీసులో సీలు మీద చెయ్యేస్తే ఉద్యోగం పోయేది. ముప్పై నాలుగేళ్లు వేశాను గానీ ఒక్కటీ విప్పలేదు. నా వెనక లైను పెరిగింది. తప్పుకున్నాను. ఇక్కడికొచ్చి కూర్చున్నాను."

"ఎప్పుడొచ్చారు?" అంది టైపు పిల్ల.

"పదకొండింటికి."

నర్సమ్మ ఏదో అనబోయింది. టైపు పిల్ల అననివ్వలేదు. కోపం వచ్చింది, కానీ కోపానికి టైం లేదు. సంచీలోంచి మూట తీసి ఆయన ఒళ్లో పెట్టింది.

"విప్పండి."

"నువ్వు విప్పమ్మా."

"మీరు వేసిన సీళ్లు. మీరే."

టీ అక్క అల్లం కోసే చాకు తుడిచి ఇచ్చింది. ఆయన అది పట్టుకోలేదు. కళ్లు మూసుకుని, బొటనవేలితో మొదటి ముద్రని నొక్కాడు. టప్పుమంది. ఎవరూ వచ్చి ఆయన ఉద్యోగం తీసెయ్యలేదు. రెండోది. మూడోది. అయిదోది విరిగేసరికి ఎర్రటి పెచ్చులు పంచె నిండా రాలాయి. గబగబా దులుపుకుని లేచాడు.

సభ ఇరవై నిమిషాల నడక. టైపు పిల్లా, బాబాయీ, నర్సమ్మా పదిహేను నిమిషాల్లో వెళ్లారు. దారిలో గుంటలన్నిట్లో ఆకాశం ముక్కలు ముక్కలుగా పడి ఉంది, టైపు పిల్ల వాటిని తొక్కకుండా పరిగెత్తింది. ముగ్గురిలో లక్క బాబాయి ఒక్క మాటైనా మాట్లాడలేదు. దానికే నర్సమ్మ రెండుసార్లు ఆయన మొహం కేసి కంగారుగా చూసింది.

గేటు దగ్గర కాపలా అతను సెల్యూట్ కొట్టలేదు. "త్వరగా," అన్నాడు. కౌంటర్లో అబ్బాయి కట్ట తీసుకుని, పైకాగితం చూసి, ముద్ర ఎత్తి రెండో ప్రతి మీద కొట్టాడు. ఊదారంగు, వంకరగా, సగం అలికినట్టు. నాలుగూ నలభై ఆరు అని పక్కన రాశాడు.

బయటికొచ్చాక టైపు పిల్ల ఆ కాగితాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూసుకుంది. ఇంటికెళ్లి అమ్మమ్మకి చూపించాలి. బిల్లు ఏమవుతుందో ఎవరికి తెలుసు, కానీ మూడు వేలమంది గొంతు లోపలికి వెళ్లింది. అమ్మమ్మ సిరా చుక్క కూడా.

లక్క బాబాయి గొంతు సవరించుకున్నాడు. పంచెకి ఇంకా ఒక ఎర్ర పెచ్చు అంటుకునే ఉంది.

"అమ్మాయ్, ముద్ర వేసేటప్పుడు ఆ కుర్రాడు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు, చూశావా?"

టైపు పిల్ల కాగితాన్ని తడవకుండా గుండెకి హత్తుకుంది.

"తల కూడా ఎత్తలేదు బాబాయ్," అంది. "కానీ ముద్ర పడింది."