మైనస్ డెబ్భై ఎనిమిది దగ్గర కూర్చున్న అణువు

"పుట్టీ పుట్టగానే చచ్చే అణువుని మీలో ఎవరైనా కూర్చోబెట్టారా, ఒక్క నిమిషం?"

శుక్రవారం కేకు ముందు కూర్చుని అడిగాడు హోల్గర్. రూర్ లోయలోని ఆ పరిశోధనశాల కాఫీ గదిలో అందరి చూపూ కేకు మీదే. అన్నెకె అయితే తలే ఎత్తలేదు. అతను రాసిపెట్టిన ప్రయోగాన్నే ఆమె పదకొండు నెలలుగా చేస్తోంది. అణువులకీ చేతుల్లా ఎడమ, కుడి వాటాలుంటాయి; అన్నీ ఎడమవాటమే రావాల్సిన చోట సగం ఎడమ, సగం కుడి వస్తున్నాయి. వేసవిలోగా కుదరకపోతే ఆమె డాక్టరేట్‌లో సగం చెత్తబుట్టకే. "చెయ్యి తిరగాలమ్మా" అనేసి ఊరుకున్నాడు ప్రొఫెసర్.

"నేను కూర్చోబెట్టాను," అన్నాడు హోల్గర్. "యంత్రాలేం లేవు. మైనస్ డెబ్భై ఎనిమిది డిగ్రీల చలికి డ్రై ఐసు, అసిటోను, ఆపైన ఈ చెయ్యి. ఉత్ప్రేరకం ఒక గుప్పిట అనుకోండి, అందులో ఆ అణువు, రెండు ఎలక్ట్రాన్లు తక్కువై ఎవరు దొరికితే వాళ్ళని కరుద్దామని చూస్తోంది, నేను కదలనిస్తేనా? నిమిషమైంది, గంటైంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"కాఫీ అడిగి ఉంటుంది," అన్నాడు పక్కబల్ల యోర్న్.

"నాకే ఆకలేసింది. భోంచేసి వచ్చాను, అట్లాగే ఉంది. కుడికి వాలబోతే గాజు మీద వేలితో తట్టాను, ఎడమకి సర్దుకుంది. ఇంతలో బయట కార్నివాల్ డప్పులు. కదలకు అని చెప్పి ఊరేగింపుకి వెళ్ళాను. అక్కడ జనం మీదకి విసిరే మిఠాయిలు జేబుల నిండా ఏరుకుని సాయంత్రం వస్తే, ఒక్కటీ పారిపోలేదు. నూటికి నూరు ఎడమవాటం. నూట ఒకటే వచ్చేది, కొలిచే యంత్రం ఒప్పుకోలేదు."

"పోయినేడు కార్నివాల్ సోమవారం నాటి మాటేనా ఇది?" స్టోరు చూసే ఫ్రావ్ నొవొట్కా కేకు కోస్తూనే అడిగింది.

"ఆ రోజే. మీకూ మిఠాయి ఇచ్చాగా."

"ఇచ్చావు. డ్రై ఐసు బండి వచ్చేది మంగళ, శుక్రవారాలు. శుక్రవారం మిగిలింది ఆదివారానికే ఆవిరైపోతుంది. ఆ సోమవారం పొద్దున ఖాళీ డ్రై ఐసు పెట్టెలో నా బీరు సీసాలు పెట్టుకున్నాను, హోల్గర్. సాయంత్రానికీ వెచ్చగానే ఉన్నాయి."

హోల్గర్ తన కేకు ముక్కని చెంచాతో అటూ ఇటూ జరిపాడు.

పదకొండు నెలలుగా తన చేతుల్నే అనుమానించిన అన్నెకె ఆ రెండు చేతుల్నీ బల్లమీద ఆనించి లేచింది.

"మంగళవారం తొమ్మిదికి బండి వస్తుంది. ప్రయోగం హోల్గర్ చేస్తాడు, నా బల్ల మీద. మీరంతా వచ్చి చుట్టూ నిలబడండి. యోర్న్, ప్రొఫెసర్ని నువ్వు తీసుకురా. గడియారం ఎవరైనా ఒకరు పట్టుకోండి."