అరటి లోడూ, డ్రైవర్ బరువూ

"నా మాట వినే ఒళ్లు అక్కా ఇది! బరువెక్కమంటే ఎక్కుతుంది, దిగమంటే దిగుతుంది," అంటూ మొదలుపెట్టాడు లారీ డ్రైవరు, నా టీకొట్టు బెంచీ మీద ఇద్దరు మనుషుల చోటు ఆక్రమించి. పొద్దుటినుంచీ వేడినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు. వచ్చేవారం కంపెనీ వాళ్లు డ్రైవర్లకి వైద్య పరీక్ష పెట్టారు, ఈలోగా పది కిలోలు దించేస్తాడట. ఎదుటి బెంచీ మీద అతని బావమరిది మొహం గంటు పెట్టుకుని కూర్చున్నాడు. రోడ్డవతల లారీలు తూచే కాటా దగ్గర పనిచేస్తాడు. బావని డాక్టరు దగ్గరికి తీసుకెళ్దామని వచ్చాడు పాపం. ఈ మహానుభావుడు కదిలితేగా!

"డాక్టరు ఎక్కడికీ పారిపోడులే. మొదట్లో చిన్న విషయమే అక్కా. ఖాళీ లారీని కాటా ఎక్కించినప్పుడూ నేనే సీట్లో, లోడు ఎత్తి తెచ్చాకా నేనే సీట్లో, ఆ రెంటికీ తేడానే సరుకు బరువు, అదీ పద్ధతి. ఓసారి లోడింగ్ ఆలస్యమైంది. ఊరికే కూర్చోలేక అక్కడి హమాలీలతో పాటు భోజనానికి కూర్చున్నా. ఏదో మొహమాటానికి తిన్నా, అంతే. తిరిగొచ్చి తూస్తే సరుకు అర బస్తా ఎక్కువ చూపించింది! గోడౌన్ వాళ్లు బస్తాలన్నీ దింపించి మళ్లీ లెక్కపెట్టుకున్నారు. నేను నోరు విప్పితేగా!"

"అర బస్తా తిన్నావా గురూ?" అన్నాడు పక్కనే షెడ్డున్న మెకానిక్కు.

"మొహమాటపడ్డానని చెప్పానుగా! ఆ తర్వాత ఏమైందో తెలుసా? మీ మరదలు చూసి, ఇదేం పొట్ట అంది అక్కా. నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. వేడినీళ్లు మొదలుపెట్టా. వారం తిరిగేసరికి ఎంత చిక్కిపోయానంటే, హారన్ మీద చెయ్యి వేస్తే మోగేది కాదు, నా బరువు చాలక. చెక్‌పోస్టు దగ్గర పోలీసు 'డ్రైవరు లేకుండా బండి వస్తోంది, పట్టుకోండ్రా' అని ఒకటే కేకలు. నేను సీట్లోనే ఉన్నానయ్యా, స్టీరింగ్ వెనకాల! కాస్త పక్కకి జరిగితే గానీ కనపడలేదు."

మెకానిక్కుకి టీ పొలమారింది.

"నవ్వకు. మళ్లీ తిండి అందుకున్నా. ఎక్కడం మొదలెడితే నాకు ఆగడం తెలీదు. పొట్ట పెరిగి పెరిగి వెళ్లి హారన్ని నొక్కేసింది. పొద్దున బయల్దేరితే సాయంత్రందాకా ఒకటే మోత. దారిలో బళ్లన్నీ మంత్రిగారు వస్తున్నారనుకుని పక్కకి తప్పుకున్నాయి. అంతెందుకు, మొన్న నా రక్తపరీక్ష కాగితం చూసి డాక్టరంతటివాడు లేచి నిలబడ్డాడు. 'ఇన్నిసార్లు ఎక్కి దిగిన ఒంటిని నా సర్వీసులో చూడలేదయ్యా' అన్నాడు."

"నేనూ అక్కడే ఉన్నా బావా," అన్నాడు బావమరిది. "ఆయన లేచింది తలుపు వెయ్యడానికి, నిన్ను తిడుతుంటే బయటికి వినపడకూడదని. ఒళ్లుని ఓసారి మాడ్చి, ఓసారి మేపి, ఏళ్ల తరబడి ఇలా పైకీ కిందికీ లాగితే లోపల్లోపల వాపు తిష్ట వేసే ప్రమాదం ఉందన్నాడు. గుండెకీ మంచిది కాదు, షుగరూ రావచ్చన్నాడు. నీ రక్తంలో ఆ వాపు ఛాయలు అప్పుడే కనపడుతున్నాయన్నాడు. వేళకింత తిని బరువు నిలకడగా ఉంచుకోమన్నాడు. అది చెప్పవేం?"

"వాపట! పేరేదైతేనేం, లోపల సరుకుందనేగా! సరే, అసలు కథ విను. ఆమధ్య అరటి గెలల లోడుతో వస్తుంటే లారీ కల్వర్టు పిట్టగోడ బద్దలుకొట్టుకుని సగం గాల్లోకి వెళ్లిపోయింది. ముందు చక్రాల కింద వాగు, వెనక చక్రాలేమో లేస్తున్నాయి, దిగుతున్నాయి. ఇంకోడైతే కేకలు పెట్టేవాడు. నేను క్యాబిన్ వెనక కిటికీలోంచి బాడీలోకి దూకేశా, అప్పుడు సన్నగా ఉన్నాలే. గెలలన్నీ తోకవైపే పేర్చి ఉన్నాయి. వాటి మధ్య బాసింపట్టు వేసుక్కూచుని తినడం మొదలెట్టా. ఒక గెల తిన్నా, వెనక చక్రాలు నేలకి ఆనాయి. ఇంకో గెల తిన్నా, ముందుభాగం లేచింది. తొక్కలు బయటికి విసురుతుంటే కింద వాగుకి అడ్డంపడి నీళ్లు పారడం మానేశాయి! సగం లోడు లాగించేసరికి లారీ దానంతటదే వెనక్కి జారి రోడ్డెక్కింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నా బరువుకి రోడ్డు ఈ కొసన కుంగి, కల్వర్టు ఆ కొసన ఇంత ఎత్తుకి లేచింది! దాన్ని సమం చెయ్యడానికి అక్కడికక్కడే వేడినీళ్లు తాగి తగ్గాల్సొచ్చింది!"

కొట్టంతా గొల్లుమంది. బావమరిది ఒక్కడే నవ్వలేదు.

"బావా, తూచడం నా పని. గెల నీ పక్కనున్నా, నీ పొట్టలో ఉన్నా లారీకి బరువొకటే. పైగా తొక్కలు బయటికి విసిరావు. అంటే వెనకవైపు బరువు తగ్గిపోవాలి. నువ్వు తిన్నకొద్దీ లారీ వాగులోకి పోవాలి."

మెకానిక్కు బల్ల గుద్ది గుద్ది నవ్వాడు. డ్రైవరు గ్లాసులో వేడినీళ్లు ఓ గుక్క తాగాడు. "మరి లారీ ఎలా పైకొచ్చిందంటావ్?"

"క్రేన్ లాగింది. పిలిపించింది నేనే. ఆ లోడు నా కాటా మీదే తూచాం, ఒక్క పండు తగ్గలేదు. నువ్వప్పుడు గట్టున పడున్నావు, మొహాన నీళ్లు కొట్టినా లేవకుండా. ఇలాగే వేడినీళ్ల మీద ఉండి, స్టీరింగ్ దగ్గరే కళ్లు తిరిగి పడిపోయావు. పిట్టగోడ పగిలింది అందుకే."

ఇన్నాళ్లూ టైరు పేలిందనే మేమంతా అనుకుంటున్నాం.

డ్రైవరు గొంతు బాగా తగ్గించాడు. "మీ అక్కకి చెప్పావా?"

"టైరు పేలిందనే చెప్పా. ఇంకోసారి అక్కకి అబద్ధం చెప్పలేను బావా. నాకు భయమేస్తోంది."

నాకూ మనసు చివుక్కుమంది. అతని ముందున్న వేడినీళ్లు పారబోసి, గాజు సీసాలోంచి ఒక బన్ను తీసి చేతిలో పెట్టాను. తిని డాక్టరు దగ్గరికి పదమన్నాను. దాన్ని రెండు ముద్దల్లో మింగేసి, సీసాలో ఉన్న రెండోదానికి చెయ్యి చాచాడు.

"ఇప్పటికి ఒకటి చాలు," అన్నాను సీసాకి మూత బిగిస్తూ. "మధ్యాహ్నం ఆకలేస్తుందిగా, అప్పుడు తిందువుగాని."