ఇంకా తొమ్మిది పేజీలు

2019 ఆగస్టు పదిహేడు, శనివారం. మా గురుకులంలో ఆ సాయంత్రం కోడిగుడ్డు పులుసు పెట్టారు. తిని చేయి కడుక్కుంటుంటే పక్కనే లైబ్రరీలో మేడం, ఎనిమిదో తరగతి పిల్ల మాట్లాడుకోవడం వినబడింది.

“గా బుక్కు ఇయ్యి బిడ్డా. అది బడులల్ల ఉండొద్దని ఆర్డరొచ్చింది. తీస్కపోను రేపు పొద్దుగాల్నే బండొస్తది.”

“రేపు మధ్యాహ్నం ఫోన్ చేసుకునేదాక ఉంచుకుంట మేడం.”

“ఫోనుకు, బుక్కుకు ఏం సంబంధం?”

“మా అవ్వకు సదువు రాదు. ఐతారం ఐతారం పది నిమిషాలు ఫోన్ల సదివి ఇనిపిస్తున్న.”

“ఉన్నయే పది నిమిషాలు! తిన్నవా అని గూడ అడుగవా?”

“ఆమెనే అడుగనియ్యదు. ‘తిన్న తియ్, ముందు సదువు’ అంటది.”

“గంతగనం ఏమున్నదే గా బుక్కుల?”

“ఒకామెను ఊరి బాయిల నీళ్లు చేదనియ్యరు. బొక్కెన పట్టుకొని గట్టు మీద నిలబడ్డది. ఆడ ఆపినం. ఇంక తొమ్మిది పేజీలున్నయి.”

“గందుకే ఎవరో అర్జీ పెట్టిండ్రు, ఊర్లల్ల లొల్లి లేపుతదని.”

“మా అవ్వను గూడ చేదనియ్యలేదు మేడం. దోసిట్ల పోస్తే తాగిందట. ‘నేనైతే ఎనుకకు మర్లొచ్చిన, గామె ఏం జేసింది?’ అని వారం సంది ఎదురుచూస్తాంది.”



“మరి చేదిందా?”

“నేను గూడ సదువలే. అవ్వతోనే సదువుత.”

“నంబరు చెప్పు. నా ఫోన్ల ఇప్పుడే కలుపుత. స్పీకర్ పెట్టు, నేను గూడ ఇంట.”

నేను కుళాయి కట్టేశాను. మేడం లేచి వచ్చి, లైబ్రరీ తలుపు ఆ రాత్రికి లోపలి నుంచే నెమ్మదిగా మూసింది.