ఉలవగెడ్డ మడుగులో మిగిలే రాయి

చింతమానంటే జడుస్తారు, పాడునుయ్యంటే జడుస్తారు, రేపు ఆదివారం కొండ మీంచి దూకే ఉలవగెడ్డ ధారకెల్లి, దాని కింద మడుగులో ఈత కొడదామంటే మాత్రం అందరూ సంకలు గుద్దుకుంటారు. ఒరే సిమ్మాద్రీ, ఆ ఫోను పక్కనెట్టి ఇలా వచ్చి కూకో. నా ఎరికలో చింతమాను మీద దెయ్యం ఎవల్నీ ఏటీ సెయ్యలేదు నాయినా. మడుగే సేసింది. మడుగు సేసిందా, నేనే సేశానా, అదే తెలీట్లేదు, డెబ్బై ఏళ్లొచ్చినా తెలీట్లేదు.

మా కాలంలో ఆడోళ్లం కొండచీపుర్లు కోసుకుని దిగొస్తూ ఆ మడుగులోనే తానాలు సేసేవోళ్లం, ఒళ్లంతా దురద కదా మరి. అయితే మన ఊళ్లో మనుషుల్ని లెక్కెట్టరు. మేకల్ని లెక్కెడతారు గానీ, మనుషుల్ని లెక్కెడితే ఆయుస్సు తరిగిపోద్దని పెద్దోళ్ల మాట. అందుకని నీట్లో దిగేముందు తలకో రాయి ఒడ్డునున్న బండ మీద పెట్టీసి, పైకొచ్చాక మళ్లీ తలకోటి తీసి ఇసిరీసేవోళ్లం. బండ మీద రాయి మిగిలిందంటే ఎవలో ఇంకా నీట్లో ఉన్నట్టు. తెలివైన పనే కదా, ఏటంటారు?

అప్పుడు నాకు తొమ్మిదేళ్లో పదేళ్లో. ఆ రోజు కాల్లో ముల్లు దిగింది, అది తీసుకునేసరికి అందరూ నీట్లోకి దిగిపోయారు, నేనూ గబగబా ఎల్లి దూకీశాను. నా జట్టు గుంట దాలమ్మని, మా ఎదురింటి సన్యాసమ్మ కూతురు, అది ధార కిందికంటా ఈదుకుని ఎల్లిపోయి, ఒలే పోలీ రావే అని నన్ను పిలిసేది, నాకేమో బయం. అక్కడ ధార పడేచోట నీట్లో ఇంకో బండ కింద పెద్ద బొరియుంది, నీరు లోనికి లాగుద్ది, పైకి సూస్తే ఏటీ తెలీదు. ఇంతలో కొండ మీద కాలం కాని వాన పడినట్టుంది, నీరు ఎర్రబారిందర్రా అని మా అమ్మ కేకేసింది, మేం బేగి పైకొచ్చీసి రాళ్లు తీసి ఇసిరీశాం. బండ మీద ఒక్క రాయి లేదు. ఇంకేటి, అందరూ వచ్చీసారనీసి మోపులెత్తుకుని కొండ దిగీశాం.

ఊరి మొగలో, పొలిమేర కాడికొచ్చాక సన్యాసమ్మ, మా గుంటేదీ అని అడిగింది. కూతురు మా అమ్మతో ముందెల్లిపోయిందనుకుంది ఆవిడ, మా అమ్మేమో దాలమ్మ వాళ్లమ్మతో వెనక వస్తందనుకుంది. రాళ్లు సరిపోయాక ఇంకెవలు సూస్తారు సెప్పండి? మూడో రోజున ఆ బొరియలో దొరికింది.

మరి దాని రాయి ఎవలు తీసినట్టు? మడుగులో దెయ్యం తీసిందన్నారు ఊరోళ్లు. మా అమ్మ మాత్రం నన్ను పక్కకి పిలిసి, నువ్వు రాయెట్టేవా లేదా అని అడిగింది. పెట్టానన్నాను. పెట్టానా? ముల్లు తీసుకోడం గుర్తు, దూకడం గుర్తు, పైకొచ్చి ఓ రాయి ఇసరడం గుర్తు. పెట్టడం మాత్రం ఎంత తవ్వుకున్నా గుర్తు రాదు. సన్యాసమ్మ సచ్చిపోయేదాకా ఆ దెయ్యాన్నే తిట్టుకుంది, నేను నోరు మూసుకుని విన్నాను. ఏం బతుకో నాది!

అప్పట్నుంచి ఎందరు దిగి ఎన్ని రాళ్లెట్టినా, పైకొచ్చాక ఒక రాయి మిగుల్తది. దాలమ్మే పెడతందంటారు. మూడేళ్ల కింద పట్నం కుర్రాళ్లు ఐదుగురొచ్చారు, నేనే బుద్ధి గడ్డి తిని, రాళ్లెట్టుకుని దిగండి నాయినా అని సెప్పాను. ఐదుగురూ పైకొచ్చారంట, ఐదు రాళ్లూ తీశారంట, ఇంకోటి ఉందంట. మనోడెవడో లోపలుండిపోయాడని ఒకల మొకాలొకలు సూసుకుని, లెక్కెట్టుకుని, తప్పి మళ్లీ లెక్కెట్టుకుని, ఆ కంగారులో వాళ్లలో బాగా ఈతొచ్చినోడు, లేనోణ్ణి ఎతకడానికి మళ్లీ దూకాడు. ఆడింక పైకి రాలేదు. మిగతా నలుగురూ నా గుమ్మంలో కూకుని ఏడుస్తూ, మామ్మగారూ లోపలున్నదెవరు అని నన్నడిగారు.

మర్నాడు ఈ మోకాళ్లతోనే ఎల్లాను. రాయొకటెట్టి, నడుంలోతు దిగి, దాలీ, తప్పు నాదేనే, నన్ను తీసుకెల్లిపోవే అని గొంతు పోయేలా అరిసాను. ఒడ్డుకొచ్చి సూస్తే బండ మీద నా రాయొక్కటే ఉంది. అందర్నీ ఏడిపిస్తది, నాతో మాత్రం పలకదు. కోపమో, నన్ను మరిసిపోయిందో, అసలక్కడ లేనే లేదో. లేదనుకుంటే మరి ఆ కుర్రాడు ఎవలికోసం పోయినట్టు?

సరే, లెగండి, కూడు సల్లారిపోతంది. ఆ మడుగుకి ఎల్లకండి. కాదూ ఎల్తామంటే, ఒకర్నొకరు పేరెట్టి పిలుసుకోండి, నీరు ఎర్రబడితే పైకొచ్చీండి, ధార కిందికి పోకండి. ఒరే సిమ్మాద్రీ, నీకు అందరికన్నా బాగా ఈతొచ్చు కదా? నువ్వింట్లో ఉండు.