తరస

గంగారం పక్కన ఒక తండా, 1983 వానాకాలం. ఊరి బాలవాడి పంతులమ్మ అహల్య, జ్వరంతో ఉన్న మూడేళ్ల కొడుకు నిరంజన్‌ను భుజాన వేసుకొని, వారం కిందటి దాకా తన దగ్గర ఆయాగా చేసిన కమ్లి గుడిసె ముందు నిలబడి ఉంది.

“రాను పంతులమ్మా. మీ అత్తనే గద నన్ను ఎల్లగొట్టింది.”

“ఆమె మాట ఇడిసిపెట్టు కమ్లీ. పిలగాణ్ని చూడు జర. నిన్నటి సంది వాంతులు, విరేచనాలు. ఒళ్లు కాలిపోతుంది.”

“దవాఖానకు తీస్కపో.”

“వాగు అడ్డమొచ్చింది. బస్సు రాలే. సూదులేసే డాక్టరు గూడ అవతలనే ఉన్నడు.”

“అయితే నా కాడ ఏమున్నది? నేను ఏ సూదులేస్త?”

“సూదులకు కాదు. వాడు ఏదో అడుగుతుండు. రాత్రంత గదే మాట. నాకు సమజైతలేదు. మంచిగున్ననాడు రెండు ముక్కలు తెలుగు మాట్లాడుతడు, జరమొస్తే అంత మీ బాసనే.”

“గందుకే గద మీ అత్త నన్ను ఎల్లగొట్టింది. పటేలింటి పిలగాడు లంబాడోళ్ల తీరు మాట్లాడుతుండని.”

“తప్పైంది అంటున్న గద.”

“ఏమంటుండు?”

“యాడీ, యాడీ అంటడు. అమ్మా అని నిన్నే పిలుస్తుండు, గది నాకెరికే. ఇంకోటి... తరస అంటుండు. తరసెవరు? మీ తండల ఏ పిల్లనన్ననా? ఉంటే పిలువు. చూస్తే ఊకుంటడు.”

“తరస అంటుండా.”

“ఆఁ. చెప్పు.”

“చెప్ప.”

“కమ్లీ...”

“తెలుగు నేర్చుకున్నంక తోలుకరా.”

“ఏంది?”

“నీ మాటనే పంతులమ్మా. మర్సిపోయినవా? కూలికి పోయే తల్లుల పిల్లలను చూస్తందుకు సర్కారు బాలవాడి ఇచ్చింది. ఇచ్చింది మా తండకు. పాల పొడి మా పిల్లల పేరు మీద, రవ్వ మా పిల్లల పేరు మీద. మీ మామ నారాయణ పటేలు దాన్ని మీ ఇంటి అరుగు మీద పెట్టించుకున్నడు. పోనీ, ఊళ్లెనన్న ఉన్నది అని నా జమ్లిని నీ కాడ ఇడిసి నాట్లకు పోయిన.”

“గదంత ఇప్పుడెందుకే?”

“ఇప్పుడే. పొద్దుగూకినంక వచ్చి బిడ్డ ఏదంటే, నీ దిక్కే పంపిన అన్నవ్. ఏడుస్తది, ఏమడుగుతదో తెల్వది, తెలుగు నేర్చుకున్నంక తోలుకరా అన్నవ్. నువ్వు గా మాట అంటున్నప్పటికే నా బిడ్డ కాల్వల ఉన్నది. నన్ను ఎతుక్కుంట కాల్వ దాటబోయింది.”

“నేను కావాలని చేసిన్నా? తల్లి కాడికి పోతదనుకున్న. గందుకే మామతోని కొట్లాడి నీకు ఆయా పని ఇప్పిచ్చిన.”

“ఇప్పిచ్చినవ్. పాలు మరవని నీ కొడుకును నా ఒళ్లె పెట్టినవ్. నేనేం చేసిన్నో ఎరికేనా? నా నోట్ల నుంచి వాని చెవుల ఒక్క తెలుగు మాట పడనియ్యలే. వాడు తిన్నది మా బాసల, పండుకున్నది మా బాసల. నీ కొడుకు నీ ముందట ఏడ్వాలె, నువ్వు సమజ్ గాక చూడాలె. గందుకే చేసిన నీ ఆయా పని.”

“మనిషివేనా నువ్వు?”

“ఆనాడు నిన్ను నేను అడగలే గా మాట.”

“బాలవాడిని మీ తండకే మార్పిస్త. సమితి ఆఫీసుకు నేనే పోత. మామ వద్దన్నా పోత.”

“ఎవరి కోసం? నా జమ్లి కోసమా?”

“యాడీ... తరస... తరస లాగీ...”

“ఇగో, గిదే కమ్లీ, గిదే. పెదవులు చూడు ఎట్ల పగిలినయో. నీ పగ నా మీద తీర్చుకో. వానిదేమున్నది?”

“ఇటియ్యి.”

“ఆఁ?”

“పిలగాణ్ని ఇటియ్యమన్న. జరుగు, కుండ కాడికి పోనియ్యి. పాణీ పీ, బేటా. పీ.”

“నీళ్లా? వద్దు, వద్దు. నీళ్లు తాపితే ఇంకెక్కువైతదని అత్త నిన్నటి సంది చుక్క ముట్టనియ్యలే.”

“ముట్టనియ్యలేదా? అటు చూడు, చెంబు ఎట్ల పట్టుకున్నడో. ఇడుస్తలేడు. వద్దంటే నువ్వే గుంజుకో.”

“గుంజుకోను. తాగనియ్యి, తాగనియ్యి.”

“గా డబ్బల బెల్లమున్నది, ఇంత తీయి. ఉప్పు గూడ. కలిపి జర జర తాపుదం.”

“ఊకున్నడు కమ్లీ. కండ్లు తెరిచిండు. గా తరస ఎవరో రాకున్నా ఊకున్నడు.”

“ఊకుంటడు.”

“నేనెంత పరేషాన్ అయిన్నో. ఆనాడు మీ జమ్లి గూడ గిదే పేరు.”

“ఏమన్నవ్?”

“గిదే పేరు. తరస, తరస అనుకుంట పొద్దంత నా కొంగు గుంజింది. అక్కనో చెల్లెనో అనుకున్న. పో బిడ్డా, పోయి ఎతుక్కో అని నేనే అరుగు దించిన... కమ్లీ, చెంబు ఒరిగిపోతుంది. గట్లెందుకు చూస్తున్నవ్? తరస ఎవరు?”

“మనిషి కాదు పంతులమ్మా. దూప. నీళ్ల దాహం. నా బిడ్డ కాల్వకు పోయింది నన్ను ఎతుకుతందుకు కాదు.”