గేర్ రాడ్డు కింద ఎర్రటి ముద్ద

సభకు అధ్యక్షులైన వెంకయ్య గారికి, చిలకలూరిపేట మెకానిక్ సోదరులకు, పెద్దలకు, సిలార్ గారి భార్య కరీమున్ గారికి నమస్కారం. నేను చేతులు జోడించి నిలబడేది దేవుడి ముందే; మైకు ముందు ఇదే మొదలు. ఒక్క సంగతి చెప్పి కూర్చుంటాను.

ముప్పై ఏళ్లు నడిపిన షెడ్డుకు ఈ రోజు తాళం వేస్తున్న సిలార్ గారు, ఐదేళ్ల కిందట, తొంభైతొమ్మిదిలో, మా నాన్నగారి రెండు సీట్ల పాత స్పోర్ట్స్ కారు చూడ్డానికి మా ఇంటికి వచ్చారు. పొగాకు కంపెనీ దొర దగ్గర నాన్నగారు ముచ్చటపడి కొన్న కారది. నాన్నగారు పోయాక దాని గేర్ రాడ్డు నానాటికీ బిగుసుకుపోయింది. ముగ్గురు చూసి గేర్‌బాక్సు పోయిందన్నారు. కొత్తది ఈ దేశంలో దొరకదన్నారు. మా తమ్ముడు శివరామకృష్ణ, అడుగో, ముందు వరసలో ఉన్నాడు, కళ్లనీళ్లు పెట్టుకుని పాత ఇనుముకు ఇచ్చేయడానికి ఒప్పుకున్నాడు.

సిలార్ గారు తొందరపడలేదు. ఇంజన్ ఆపి గేర్ వేసి చూశారు.

"ఆపినా ఇంతే బిగువుగా ఉంది బాబూ. క్లచ్ తప్పు కాదు."

ఆయిలు దించి వేళ్ల మధ్య రుద్దారు.

"ఇనపరజను లేదు, గేర్ల పళ్లు బాగున్నాయి. జబ్బు పైనుంది."

రాడ్డు చుట్టూ ఉన్న తోలు తొడుగు విప్పి, అడుగున రాడ్డు తిరిగే గిన్నెలోంచి ఏదో గీకి తీశారు. ఎర్రటి ముద్ద, రాయిలా గట్టిపడి ఉంది.

నాన్నగారి చెయ్యి ఆనిన చోటని ప్రతి శుక్రవారం ఆ రాడ్డుకి కుంకుమ పెట్టి, కొబ్బరినీళ్లు పోసేది నేనే.

"ఏంటది సిలారూ?" అన్నాడు తమ్ముడు.

ఆయన ఒక్కసారి నా మొహం చూశారు.

"మిరపకాయల దుమ్ము బాబూ. కల్లాల దారిన తిప్పుతారుగా!"

కిరసనాయిలుతో కడిగి గ్రీజు పెట్టాక, రాడ్డు రెండు వేళ్లకే కదిలింది. వెళ్తూ నా దగ్గర ఆగి, "అక్కగారూ, ఇకమీద బొట్టు స్టీరింగుకి పెట్టండి. కొబ్బరినీళ్లు మీరే తాగండి" అన్నారు. (నవ్వులు)

ఆయన పనితనం మీ అందరికీ తెలుసు. నాకు తెలిసింది ఆ ఒక్క చూపు. ఐదేళ్లలో ఆ మాట ఎక్కడా జారలేదు. కరీమున్ గారికి కూడా చెప్పలేదని ఇప్పుడు ఆవిడ మొహం చూస్తేనే తెలుస్తోంది. ఆయన పేరు తలుచుకోకుండా నా పూజ ఏ రోజూ ముగియలేదు.

తమ్ముడూ, ఆనాటి నుంచి నువ్వు కారుని కల్లాల వైపు పోనివ్వలేదు. తప్పు నాదిరా. మిరపకాయల మీద నింద ఇక చాలు. ఈ సాయంత్రం సిలార్ గారిని పక్కన కూర్చోబెట్టుకుని ఆ దారినే ఇంట్లో దించిరా. కరీమున్ గారూ, ఉన్నవి రెండే సీట్లు, మనిద్దరం ఆటోలో వెళ్దాం. (నవ్వులు)

సిలార్ గారూ, షెడ్డు పనితో పాటు నా తప్పు దాచే పని నుంచి కూడా ఈ రోజుతో మీకు విశ్రాంతి. ఓపిగ్గా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు.

సెలవు.