ఎడమ కన్ను

ముందు గది. గోడకు మేకు ఉంది. ఫొటో బల్ల మీద బోర్లించి ఉంది. అక్క, తమ్ముడు.

"ఒక్క సంతకం, అక్కా. పెట్టేస్తే స్టూడియో వాళ్లు కేసు వెనక్కి తీసుకుంటారట."

"చదివావా దాన్ని? 'నేను పొరబడ్డాను, ఫొటోలో ఉన్నది మా అమ్మే' అని రాయించుకొచ్చారు. చచ్చినా పెట్టను."

"పోనీ ఫేస్‌బుక్‌లో పెట్టింది తీసెయ్. పరువు నష్టం కింద ఇరవై లక్షలు అడుగుతున్నారు!"

"అంత పరువుందా వాళ్లకి? నేనేం రాశాను? 'మా అమ్మ ఫొటో బాగుచెయ్యమని ఈ స్టూడియోలో ఇచ్చాం. ఎవరో పరాయి ఆవిణ్ణి చేతిలో పెట్టారు. అసలు ఫొటో పోగొట్టారు.' ఇందులో అబద్ధమేదో చూపించు."

"వాళ్లు వేరేలా అంటున్నారుగా."

"అంటారు. 'మేం మరకలు తుడిచామంతే, ఆవిడ కళ్లు మొదటి నుంచీ అలాగే ఉన్నాయి' అని నోటీసులో రాశారు. మన అమ్మ కళ్లెలా ఉంటాయో వాళ్లు మనకి చెబుతున్నారు!"

"మెల్లకన్ను ఉండేదని ఎలా రుజువు చేస్తావు? ఉన్నదే ఒక్క ఫొటో. అదీ పోయింది."

"రేపు కోర్టుకి నువ్వొచ్చి చెప్పు. కొడుకువి కదా."

"నేనా? నేను... ఆ స్టూడియో ఖాతా మా బ్యాంకులోనే ఉంది. మా మేనేజరు..."

"సెలవు పెట్టు."

"దొరకదు. అయినా మేనేజరు సంగతి కాదు."

"మరే సంగతి?"

"ఏం లేదు. కాసిని నీళ్లివ్వు."

"ఇదిగో, తాగు. చిన్నప్పుడు అమ్మ తిడుతుంటే ఎవర్ని చూసి తిడుతోందో తెలియక ఇద్దరం నోరు మూసుకునేవాళ్లం. గుర్తులేదూ?"

"ఉంది."

"నవ్వొచ్చిందిగా! అదే చెప్పరా కోర్టులో."

"నీకు నవ్వే. బడిలో నన్ను మెల్లకన్ను కొడుకనేవాళ్లు."

"నన్ను మెల్లకన్ను కూతురన్నారు. నేను కొట్టొచ్చాను."

"నువ్వు కొడతావు. నేను పక్క సందులోంచి ఇంటికొచ్చేవాణ్ణి."

"రేపు కూడా పక్క సందేనా?"

"అక్కా."

"ఊఁ."

"ఆ కన్ను వాళ్లంతట వాళ్లు మార్చలేదు."

"అంటే?"

"నేనే మార్చమన్నాను. ఫొటో ఇచ్చిన రోజు. నువ్వు బయట ఎవరితోనో ఫోన్లో ఉన్నావు."

"ఎందుకురా?"

"నా వైపు తిరిగినా పక్కకి చూస్తున్నట్టే ఉండేది కదా అమ్మ. గోడ మీద నుంచైనా ఒక్కసారి నన్ను సూటిగా చూడాలనిపించింది."

"చూసిందా?"

"ఎవరో చూస్తున్నారు. అమ్మ కాదు. నువ్వు రాసింది నిజమే."

"ఈ మాట ఇప్పుడా చెప్పేది?"

"తిట్టక్కా."

"తర్వాత తిడతాను. నోటితో చెప్పావా, రాసుకున్నారా?"

"రాసుకున్నారు. రసీదు మీదే."

"ఆ రసీదేది?"

"పర్సులో ఉంది."

"తియ్యి. పైకి చదువు."

"'పెద్దావిడ ఫొటో. ఎడమ కన్ను మెల్ల. సూటిగా చూసేలా చెయ్యాలి.' కింద తేదీ, స్టూడియో ముద్ర."

"వాళ్ల ముద్రే?"

"వాళ్లదే."

"మొదటి నుంచీ అలాగే ఉన్నాయన్నది ఈ మహానుభావులే కదూ! ఒరేయ్, ఇన్ని నెలలు దీన్ని చించెయ్యకుండా ఎందుకు దాచావు?"

"రెండుసార్లు చించబోయాను. అమ్మ కన్ను మిగిలింది ఇందులోనే కదా. లాయరుకి ఫోన్ చెయ్యి. రేపు ఇది నువ్వు కాదు, నేనే చదువుతాను. గట్టిగా."